వేరే పిల్లలు వాడిన పాలసీసాలు మన పాపకు వాడొచ్చా?

హన్మకొండ కొత్తమ్మ:
మా పాపకు రెండో నెల. వచ్చే నెల డ్యూటీకి పోవాలి. నా పాలు పిండి పెడితే మా అత్తమ్మ పట్టిస్తుంది. మా ఆడబిడ్డ తన కొడుకు తాగిన సీసాలు నాలుగు ఇచ్చింది, రెండు గాజువి, రెండు ప్లాస్టిక్‌వి. వాడికిప్పుడు నాలుగేళ్లు. సీసాల పీకలు కొంచెం జిగటగా ఉన్నాయి. ప్రేమతో ఇచ్చింది, వద్దనలేకపోయాను. మరిగిస్తే సరిపోతుందా?

కాజీపేట అక్క:
చెల్లె, పీకలు మాత్రం ఈరోజే పారెయ్. మా పెద్దోడికి తోటికోడలు ఇచ్చిన పీకే వాడాను. చివర సన్నగా చీలింది, నేను చూసుకోలేదు. పాలు తాగుతూ ఒక్కసారిగా దగ్గాడు, నోట్లోంచి చిన్న రబ్బరు ముక్క ఊడిపడింది. ఆ రోజు నా గుండె ఆగినంత పనైంది. ఇప్పుడు చిన్నదానికి కొత్త పీకైనా రోజూ అటూ ఇటూ లాగి చూస్తాను, రెండు మూడు నెలలకు మార్చేస్తాను.

కరీంనగర్ స్టాఫ్ నర్సు:
ప్లాస్టిక్ సీసా అడుగున త్రికోణంలో అంకె ఉంటుంది. 5 అంటే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్, అది ఫర్వాలేదు. 7 ఉంటే అది పాలికార్బొనేట్ అనే వేరే రకం ప్లాస్టిక్ కావచ్చు. దాంట్లోంచి బీపీఏ అనే రసాయనం పాలలోకి దిగుతుంది, వేడి తగిలితే ఇంకా ఎక్కువ. మన దేశంలో పాలసీసాలకు పాలికార్బొనేట్ వాడొద్దని వస్తువుల నాణ్యతా ప్రమాణాలు పెట్టే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ 2015లో నిబంధన తెచ్చింది. అంకె గానీ ఐఎస్ఐ గుర్తు గానీ కనిపించకపోతే తీసుకోవద్దు. 5 ఉన్నా సరే, లోపల గీతలు పడినా, మసకబారినా పక్కన పెట్టండి. గీతల్లో ఇరుక్కున్న పాలజిడ్డు బ్రష్‌కు అందదు.

గాజువైతే అంచు వెలుతురులో చూడండి. పెచ్చు ఊడకపోతే, పగుళ్లు లేకపోతే వాడుకోవచ్చు. అన్నీ విడదీసి సబ్బునీళ్లతో తోమాలి. తర్వాత చల్లటి నీళ్లలో పూర్తిగా ముంచి పొయ్యి మీద పెట్టి, మరగడం మొదలయ్యాక పది నిమిషాలు ఉంచండి. తోమకుండా మరిగించి లాభం లేదు.

పరకాల వదిన:
గిన్నె అడుగున పాత నూలుబట్ట వేయండి, గాజు కొట్టుకోదు. బోరునీళ్లతో మరిగిస్తే తెల్లపొర కడుతుంది, మేము మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడతాం. ఇంకొకటి, మూత మరలు చూడండి. మా బాబుకు మూడు రోజులు విరేచనాలు. ఓఆర్ఎస్ తాగిస్తూనే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన సీసా విప్పి చూపిస్తే మరల సందులో నల్లటి బూజు! రోజూ మరిగించేదాన్ని, కానీ మూత బిగించే ఉంచేదాన్ని. ఇప్పటికీ తలుచుకుంటే ఏడుపొస్తుంది.

నర్సంపేట అమ్మమ్మ:
బిడ్డా, అసలు సీసా ఎందుకు? ఉగ్గుగిన్నె ఉంది కదా. మరలు లేవు, పీక లేదు, మూలమూలకూ వేలు పోతుంది. పాపను కొంచెం లేపి ఒళ్లో పట్టుకొని కింది పెదవికి ఆనించాలి, తనే చప్పరిస్తుంది. గొంతులో పోయొద్దు. నా మనవరాలిని అట్లనే పెంచాను.

హన్మకొండ కొత్తమ్మ:
ప్లాస్టిక్‌వి రెండూ పారేశాను. ఒకదాని మీద 7 ఉంది, రెండోదాంట్లో అంతా గీతలే. గాజువి ఉంచాను. ఆడబిడ్డకు ఫోన్ చేసి చెబితే ఏమీ అనుకోలేదు, "నాకూ తెలియదు వదినా" అంది. అమ్మమ్మ గారూ, మా అత్తమ్మ పెట్టెలోంచి తన ఉగ్గుగిన్నె తీసింది, రేపటి నుంచి ఇద్దరం నేర్చుకుంటాం. కొత్త పీకలు మాత్రం గాజు సీసా మూతికి పట్టడం లేదు, ఏం చేయాలి?

కాజీపేట అక్క:
సీసానే షాపుకు తీసుకుపో చెల్లె. వెడల్పు మూతి, సన్న మూతి అని రెండు రకాలుంటాయి. అక్కడే బిగించి, నీళ్లు పోసి, కారడం లేదని చూసుకొని తీసుకో.