ఎచెవేరియా (దళసరి ఆకుల చిన్న కుండీ మొక్క) ఆకులు 14 పెడితే 14 నీరైపోయాయి. మన వైపు వానాకాలంలో ఎవరికైనా బతికాయా?

బరంపురం_బాల్కనీ (జూలై 19)
జూన్ చివర్లో ఒక ఎచెవేరియా నుంచి 14 ఆకులు తీశాను. వీడియోలో చెప్పినట్టే మూడు రోజులు ఆరబెట్టి, ట్రేలో కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) మీద పరిచి, రెండు రోజులకోసారి స్ప్రే కొట్టాను. ఇవాళ చూస్తే అన్నీ గాజు ముక్కల్లా అయిపోయాయి. వేలు పెడితే నీళ్లే. తల్లి మొక్క కింది ఆకులు కూడా రాలుతున్నాయి. మాది రెండో అంతస్తు, తూర్పు బాల్కనీ. పదకొండింటి దాకా ఎండ పడుతుంది, అదీ సూర్యుడు కనిపించిన రోజున. "ఆకు పెడితే మొక్క వస్తుందటే?" అని మా అత్తగారు మొదటి రోజే అన్నారు. ఇప్పుడు ఆవిడ ఏమీ అనట్లేదు, అదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

పర్లాకిమిడి_పెరడు
అమ్మా, ముందు మీ అత్తగారి చేతిలో ఒక రణపాల ఆకు పెట్టండి. మా గోడ పక్కన ఆ ఆకు కిందపడితే చాలు, అంచు నొక్కుల్లోంచి పిల్ల మొక్కలు లేస్తాయి. నేను బడిలో పాఠం చెప్పిన రోజుల్లో పిల్లలు దాన్ని పుస్తకాల్లో దాచుకునేవారు, అక్కడా మొలిచేది.
ఇక మీ ట్రే సంగతి. కోకోపీట్ నీళ్లు పట్టి ఉంచుతుంది, పైన మళ్లీ స్ప్రే. ఈ నెలలో గాలే తడిగుడ్డలా ఉంటుంది కదా. ఆకుకి వేరు రాకముందు నీళ్లిచ్చి లాభం లేదు, తాగడానికి నోరేదీ?

సిరొంచ_ఎండ
పాన్‌ఫుటి! మా పక్కింటి మరాఠీ వాళ్లు రణపాలని అలాగే అంటారు. పాన్ అంటే ఆకు, ఫుటి అంటే మొలిచేది. పేరులోనే పద్ధతి ఉంది.
అక్కా, నాకు మీ కష్టం తిరగేసి ఉంది. ప్రాణహిత ఒడ్డున మాకు మే నెలే యముడు. మూడు వేసవులు మూడు ఎచెవేరియాలు పోయాయి. నీళ్లు తక్కువయ్యాయనుకుని సాయంత్రం ఇంకా పోసేవాణ్ణి. అక్కడే చచ్చాయి.

కోరాపుట్_మంచు
తమ్ముడూ, నువ్వు పోసిన నీళ్ల కన్నా మీ ఊరి రాత్రుళ్లు ఎక్కువ దెబ్బ కొట్టి ఉంటాయి. ఈ మొక్కలు పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి తీసుకుంటాయి. ఎచెవేరియాలు చాలా వరకు మెక్సికో కొండల మీదివి. అక్కడ పగలు ఎండ కాసినా రాత్రి చలే. రాత్రి కూడా కుండీ వేడిగా ఉంటే మొక్క పని ఆపేసి పడుకుంటుంది. అప్పుడు పోసిన నీళ్లు వేళ్లు తాగవు, కుళ్లిపోతాయి.
మా ఊరు 800 మీటర్ల పైన ఉంది కాబట్టి నాకు చలికాలంలో ఆకు అంచులు ఎర్రగా రంగు తిరుగుతాయి. నా గొప్పేం లేదు. వానలకు మాత్రం నేనూ ఓడిపోయాను. అందుకే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఆకులు పెట్టను. దసరా దాటాక మొదలుపెడితే పదిలో ఏడెనిమిది వస్తాయి.

బరంపురం_బాల్కనీ
మరి తల్లి మొక్కని ఎలా కాపాడుకోవాలి? కాండం కింద నల్లగా అవుతోంది.

కోరాపుట్_మంచు
ఇవాళే కోసేయండి, రేపటి దాకా ఆగొద్దు. బ్లేడుని స్పిరిట్‌తో తుడిచి నలుపు పైన కోయండి. కోసిన చోట కాండం లోపల గోధుమ రంగు చుక్కగానీ వలయంగానీ కనిపిస్తే ఇంకా పైకి కోయాలి. పచ్చగా, శుభ్రంగా కనిపించే దాకా పోండి, జాలి పడొద్దు. కోసిన పై భాగాన్ని, అంటే తలని, నీడలో గాలి తగిలేలా వారం ఉంచండి, మీ తేమకి మూడు రోజులు చాలవు. తర్వాత ఖాళీ గ్లాసు మూతి మీద కూర్చోబెట్టినా వేళ్లు వస్తాయి. వేళ్లు కనిపించాకే మట్టి.
ఇంకోటి. కొన్న రోజున కుండీ మార్చారా? చాలా మొక్కలకి వేళ్ల చుట్టూ సన్నటి వల, లోపల కోకోపీట్ ముద్ద ఉంటాయి. అది తీయకపోతే బయట ఎంత మంచి మట్టి వేసినా లోపల తడి ఆరదు.

బరంపురం_బాల్కనీ
ఇప్పుడే పీకి చూశాను. ఉంది! వల ఉంది!! ముద్ద పిండితే నీళ్లు కారాయి.

ధర్మాబాద్_నల్లరేగడి
మట్టి మాట వచ్చింది కాబట్టి. మా నాందేడ్ వైపు పొలం మట్టి పత్తికి బంగారం, కుండీకి విషం. తడిస్తే జిగురు, ఎండితే పగుళ్లు, ఆ పగుళ్లలో వేళ్లు తెగుతాయి. నేను ఇళ్లు కట్టే చోట మిగిలిన మురుము జల్లెడ పట్టి శనగగింజంత రాళ్లు తెచ్చుకుంటాను. అది రెండు వంతులు, ఇటుక ముక్కలు ఒక వంతు, మాగిన పశువుల ఎరువు ఒక వంతు, గుప్పెడు బొగ్గు. పెర్లైట్ (మట్టిలో కలిపే తేలికైన తెల్ల గుళికలు) కొనే పని లేదు. నీళ్లు పోస్తే కింద నుంచి వెంటనే కారిపోవాలి, నా పరీక్ష అదొక్కటే.
మాది బోరు నీళ్లు, కుండీ అంచున తెల్లగా ఉప్పు కడుతుంది. వాన పడ్డప్పుడు డ్రమ్ములో పట్టుకుంటాను. మూత మాత్రం పెట్టండి, దోమలు.

గోపాల్‌పూర్_గాలి
ఇసుక ఫ్రీ కదా అని బీచ్ నుంచి సంచీ తెచ్చాను ఒకసారి. ఉప్పు. మొత్తం పోయాయి. నవ్వకండి.

సిరొంచ_ఎండ
నవ్వలేదన్నా. నేను సంతలో గులాబీ రంగు పూలున్న కాక్టస్ కొన్నాను. రెండు నెలలైనా పువ్వు వాడలేదు. మురిసిపోయి దగ్గరగా చూస్తే జిగురుతో అతికించిన ఎండు పువ్వు.
ఇప్పుడు నా దగ్గర ఉన్నవి అడీనియం, స్నేక్ ప్లాంట్, జేడ్. మాకు ఎచెవేరియా వద్దు అని ఒప్పేసుకున్నాను. కానీ జేడ్ ఆకులు 20 పెడితే ఒక్కటీ రాలేదు. కొమ్మలు మాత్రం గుచ్చితే చాలు వస్తున్నాయి.

పర్లాకిమిడి_పెరడు
బాబూ, మన నర్సరీల్లో జేడ్ పేరుతో ఎక్కువగా దొరికేది పోర్టులకేరియా. ఎర్రటి సన్నని కాండం, చిటికెన వేలి గోరంత ఆకు. దానికి కొమ్మే దారి. ఆకు మందంగా, నాణెమంత పెద్దగా ఉండే అసలు జేడ్ క్రాసులా. దానికైతే ఆకూ పనికొస్తుంది.
స్నేక్ ప్లాంట్‌లోనూ ఇలాంటి తిరకాసు ఉంది. పసుపు అంచు రకం ఆకు ముక్క పెడితే పిలక పచ్చగానే వస్తుంది, అంచు రాదు. అంచు కావాలంటే దుంపతో పాటు పిలక విడదీయాలి. 2018లో తిత్లీ తుఫానుకి మా పెరట్లో కొబ్బరి కూలి ఈ కుండీ మీదే పడింది. చితికిన ఆకులు పారేయలేక ముక్కలు చేసి నాటాను. అన్నీ పచ్చవే వచ్చాయి, అలా తెలిసింది.

ధర్మాబాద్_నల్లరేగడి
మాస్టారూ, జీజీ (ZZ) ప్లాంట్ ఆకు మీరు పెట్టారా? నాది మూడు నెలలైనా ఉలుకూ పలుకూ లేదు.

పర్లాకిమిడి_పెరడు
ఆకు పచ్చగా ఉంటే తవ్వకండి. ముందు మట్టి కింద చిన్న దుంప కడుతుంది, చిగురు తర్వాతే. నాకు ఏడు నెలలు పట్టింది. మనీ ప్లాంట్‌లా తొందరపడదు. మనీ ప్లాంట్‌కైనా కణుపు ఉండాలి సుమా, ఉత్త ఆకు కాడని సీసాలో పెడితే వేళ్లు వస్తాయి గానీ తీగ సాగదు.

గోపాల్‌పూర్_గాలి
పిండినల్లికి వేపనూనె కొట్టొచ్చా?

కోరాపుట్_మంచు
మనీ ప్లాంట్‌కి కొట్టండి, లీటరు నీళ్లకి 5 మి.లీ., రెండు చుక్కల సబ్బు ద్రవం, సాయంత్రం పూట. ఎచెవేరియాకి నేను కొట్టను. ఆకు మీది బూడిద పొర దానికి గొడుగులాంటిది, నూనెతో పోతే మళ్లీ రాదు. దూదిని స్పిరిట్‌లో ముంచి పురుగుని మాత్రమే తుడవండి. ఆకు సందులూ, వేళ్ల దగ్గరా చూడండి.
బరంపురం అక్కా, నవంబర్‌లో మా వాళ్లు అటు వస్తున్నారు. ఘోస్ట్ ప్లాంట్ (ఇదీ ఎచెవేరియాలాంటి దళసరి ఆకుల మొక్కే) ఆకులు పేపర్‌లో చుట్టి పంపుతాను. తడి తగలకపోతే పది రోజులైనా ఏమీ కాదు. ఎచెవేరియా కన్నా వేడికి ఓర్చుకుంటుంది. ఆకు తీసేటప్పుడు పక్కకి మెల్లగా ఊపితే మొదలుతో సహా ఊడి వస్తుంది. మొదలు విరిగిందో, మొక్క రాదు.

బరంపురం_బాల్కనీ (డిసెంబర్ 8)
చెప్పి చాలా రోజులైంది. ఎచెవేరియా తల బతికింది. మూడుసార్లు కోశాను, చివరికి నిమ్మకాయంత మిగిలింది. గ్లాసు మీద పెట్టిన 19వ రోజు గులాబీ రంగు వేళ్లు కనిపించాయి. ఘోస్ట్ ప్లాంట్ ఆకులు 12లో తొమ్మిదికి పిల్లలు వచ్చాయి. రెండింటికి వేళ్లు వచ్చి మొక్క రాలేదు, ఒకటి ఎండిపోయింది. ఈసారి స్ప్రే సీసా అటక మీద పెట్టేశాను.
మాస్టారూ, రణపాల ఆకు అత్తగారికి ఇచ్చాను. పెరుగు డబ్బాలు, విరిగిన మగ్గు, నా పాత టిఫిన్ బాక్సు అన్నింటిలో ఇప్పుడు అదే. బట్టలు ఆరేయడానికి బాల్కనీలో చోటు లేదు. పొద్దున్నే ఎవరికో ఫోన్‌లో "ఆకు పెడితే చాలు, మొక్క అదే వస్తుంది" అని చెబుతున్నారు.