ఎయిర్‌సాఫ్ట్ టీమ్‌కి ప్రాక్టీస్‌గా మిలటరీ గేమ్‌లు: పనికొస్తాయా, కాలక్షేపమేనా?

పొదచాటు:
మాది ఎయిర్‌సాఫ్ట్ టీమ్, అంటే చిన్న ప్లాస్టిక్ గుండ్లు పేల్చే గన్‌లతో ఉత్తుత్తి యుద్ధం ఆడతాం. ఎనిమిది మందిమి. అందరం ఒకేసారి ఫీల్డ్‌కి రావడం అంటే గగనమే. ఒకరికి నైట్ డ్యూటీ, ఒకరికి చంటిపిల్ల. అందుకని రాత్రిళ్లు గేమ్‌లో కూర్చుని ప్రాక్టీస్ చేద్దామని మావాళ్లు ఒకటే గోల. సగం మంది ఆరుబయట యుద్ధం ఉండే ఆర్మా 3 అంటున్నారు, సగం మంది పోలీసులు గదుల్లోకి చొరబడే రెడీ ఆర్ నాట్ అంటున్నారు.

మా బాధ గురి కాదు, అది పర్లేదు. అవతలివాళ్లు కనపడగానే రేడియోలో నలుగురూ ఒకేసారి "అక్కడ! అక్కడ!" అని అరుస్తారు. ఎక్కడరా నాయనా అని అడిగేలోపు ఇద్దరు అవుట్. ఆ తర్వాత ఎవరి దారి వాళ్లది. దీనికి గేమ్ ఏమైనా మందు అవుతుందా? చేసి చూసినవాళ్లు ఎలా చేశారో చెప్పండి.

గాగుల్స్_ఆవిరి:
గేమ్‌లో ఎంత పరిగెత్తినా ఆయాసం రాదు, గాగుల్స్‌కి ఆవిరి పట్టదు, మోకాలికి రాయి గుచ్చుకోదు. ఆ టైమ్‌లో మెట్లెక్కి దిగండి, అది నయం.

మూడోవాడు:
పైన చెప్పింది నిజమే, కానీ పొదచాటు గారు అడిగింది కాళ్ల గురించి కాదు, నోటి గురించి. "అక్కడ అక్కడ" జబ్బుకి గేమ్ భేషుగ్గా పనిచేస్తుంది. మిగతావాటికి అంతంతమాత్రం.

ఇదేం కొత్త ఆలోచన కాదు. 1996లోనే అమెరికా మెరీన్లు డూమ్ 2 అనే షూటింగ్ గేమ్‌ని మార్చుకుని మెరీన్ డూమ్ అని చేసుకున్నారు. నలుగురి ఫైర్ టీమ్ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ చకచకా నిర్ణయాలు తీసుకోవడం నేర్పడానికి. తుపాకి కాల్చడం నేర్పడానికి వాళ్లకి వేరే చోటుంది కదా.

మేం ఆర్మా 3లో చేస్తాం. ముందు సెట్టింగ్స్‌లో థర్డ్ పర్సన్ వ్యూ, అంటే మన బొమ్మని వెనకనుంచి చూపించేది, తీసేయండి. అది ఉంటే గోడ వెనక కూర్చునే మూల అవతల ఏముందో చూసేస్తారు. మ్యాప్ మీద మనమెక్కడున్నామో చూపించే గుర్తు కూడా తీసేయండి. అప్పుడు గానీ జనానికి చుట్టూ ఉన్నవాటి పేర్లు చెప్పాల్సిన అవసరం రాదు. మైక్ పుష్ టు టాక్‌లో ఉండాలి, అంటే బటన్ నొక్కితేనే మాట పోవాలి. మైక్ తెరిచిపెడితే ఇద్దరు ఒకేసారి మాట్లాడినా ఇద్దరి మాటా వినపడుతుంది. చేతి రేడియోలో అలా కుదరదు, ఒకరి మాట మీద ఇంకొకరిది పడి రెండూ చెడతాయి.

మాట వరస మాకు ఒకటే: ఎటు, ఎంత దూరం, ఏంటి. "పెద్ద బండకి ఎడమ, యాభై మీటర్లు, ఇద్దరు, కుడికి పోతున్నారు." అంతే, నోరు మూయాలి. గడియారం లెక్క, అంటే "పదకొండు గంటల వైపు", మేం మానేశాం. నా పన్నెండు నా ముక్కు ఎటుంటే అటు, నీది నీ ముక్కు వైపు. అందరూ ఒకే వైపు నడుస్తున్నప్పుడు ఫర్వాలేదు గానీ, చెల్లాచెదురయ్యాక అది గందరగోళమే. ఆట మొదలవకముందే బండ, వంగిన చెట్టు, కాలువ గట్టు అని పేర్లు ఖాయం చేసుకుంటాం.

గేమ్ మధ్యలో లీడర్ని కావాలని చంపేస్తాం, తర్వాతివాడు లీడర్ అవ్వాలి. అది ఎప్పుడన్నది ముందుగా ఎవరికీ చెప్పం. మా టీమ్‌లో ఒకతను ఫీల్డ్‌లో "ఊఁ" తప్ప ఇంకేం మాట్లాడేవాడు కాదు. ఓ రాత్రి వరుస అతని దాకా వచ్చింది. కాసేపు రేడియో అంతా నిశ్శబ్దం. తర్వాత "నేను చూసుకుంటా. ఇద్దరు గట్టు మీదే ఉండండి, మిగతావాళ్లు నా వెనక" అన్నాడు. ఇప్పుడు ఫీల్డ్‌లో కూడా రెండో లీడర్ అతనే.

ఇక ఖచ్చితమైన నియమం: చచ్చినవాడు మాట్లాడకూడదు. గేమ్‌లో పడిపోయి కూడా "చెట్టు వెనక ఉన్నాడు, చెట్టు వెనక!" అని అరిచేవాళ్లుంటారు. ఆ అలవాటు ఫీల్డ్‌కి వచ్చిందంటే మీ టీమ్ పరువు గంగలో కలిసినట్టే. గేమ్‌లో ఎవరు పోయారో కంప్యూటర్ చెప్తుంది, ఫీల్డ్‌లో గుండు తగిలితే "హిట్" అని మనమే చెప్పుకోవాలి.

దూరాల దగ్గర మాత్రం జాగ్రత్త. ఆర్మాలో 300 మీటర్ల నుంచి కాల్పులు మామూలే. మన 0.20 గ్రాముల బీబీ (ప్లాస్టిక్ గుండు) ఒక జౌల్ శక్తితో వదిలితే సెకనుకి 100 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది, కానీ గాలికి వెంటనే నీరసపడుతుంది. 50 మీటర్లలో ఉన్నవాడు అది రావడం చూసి పక్కకి జరగొచ్చు. ఆకు తగిలినా చాలు, దారి తప్పుతుంది. గేమ్‌లో పలుచని చెక్క గోడ వెనక దాక్కుంటే చస్తారు, ఇక్కడ గుబురు పొద కూడా కోటే. అందుకే ఆర్మాలో మిషన్లు తయారుచేసుకునే ఈడెన్ ఎడిటర్‌లో మా ఫీల్డ్ అంత చిన్న చోటే గీసుకుని, అందులోనే ఆడతాం. లేదంటే దూరంగా బోర్లా పడుకుని ఎదురుచూడటం అలవాటైపోతుంది.

తలుపుపక్క:
గదులున్న ఫీల్డ్ అయితే రెడీ ఆర్ నాట్. కాకపోతే అందులో ఒకేసారి ఐదుగురే ఆడగలరు. ఎవరు ఏ మూల చూడాలి, తలుపులో నిలబడిపోకుండా ఎలా లోపలికి పోవాలి అన్నది బాగా ఒంటబడుతుంది. అయితే అక్కడ పక్కకి వంగడం ఒక బటన్. నిజంగా వంగితే ముందు బయటికొచ్చేది మోచెయ్యి, తర్వాత గన్ మూతి, చివరికి కన్ను. గేమ్ ఆపేశాక ఇంట్లో తలుపు దగ్గర చీపురు కర్ర పట్టుకుని నిలబడండి, అవతలి గదిలోంచి ఒకరిని చూడమనండి. ముందు ఏం కనపడిందో వాళ్లే చెప్తారు.

ఎనిమిది మందీ కలిసే ఆడాలంటే స్క్వాడ్ అనే గేమ్ కూడా చూడండి. అందులో ఒక జట్టుకి, దాన్నీ స్క్వాడ్ అనే అంటారు, తొమ్మిది మంది దాకా. పక్కవాళ్లతో మాట్లాడటానికి ఒక బటన్, స్క్వాడ్ మొత్తానికి వేరే బటన్, లీడర్లు లీడర్లతో మాట్లాడటానికి ఇంకొకటి. ఎవరికి ఏ మాట చేరాలో ఆలోచించి నొక్కడమే ఒక ప్రాక్టీస్.

పొదచాటు:
చాలా థ్యాంక్స్ అన్నలూ. చచ్చినవాడు మాట్లాడకూడదు అన్నది ఈ రాత్రి నుంచే అమలు, మా దాంట్లో దయ్యాలు ఎక్కువ. ఒక చిక్కుంది: ఇద్దరి కంప్యూటర్లు ఓబీరాయన కాలం నాటివి, ఆర్మా లాగవు. వాళ్లని ఏం చేయాలి?

మూడోవాడు:
వాళ్లకి గేమ్ అక్కర్లేదు. వాయిస్‌లో మాత్రం కూర్చోబెట్టండి, చేతిలో మ్యాప్ ప్రింట్, పెన్సిల్. మీరు చెప్పేది విని ఎవరెక్కడున్నారో గీస్తూ, అక్కడి నుంచే ఆర్డర్లు ఇవ్వాలి. ఆట అయ్యాక ఆర్మాకి విడిగా కలుపుకునే ఓక్యాప్ మోడ్ రికార్డింగ్ తెరవండి, ఎవరు ఎటు కదిలారో పైనుంచి మ్యాప్ మీద కనపడుతుంది. ఆ కాగితం పక్కన పెట్టి చూడండి. రెండూ కలవలేదంటే పెన్సిల్ పట్టినవాళ్లని అనకండి, రేడియోలో చెప్పినవాళ్లని పిలవండి.