జింకకీ పందికీ ఒకే లీవర్ గన్: 45-70 తీసుకోవాలా, 30-30 సరిపోతుందా?

పైన్‌ఉడ్స్_కొత్తోడు

అందరికీ నమస్తే. ఈస్ట్ టెక్సస్‌లో లఫ్కిన్ దగ్గర డీర్ లీజు (జింకల వేటకి అద్దెకి తీసుకునే భూమి) కుదిరింది. చిక్కటి పైన్ అడవి, కింద మోకాలెత్తు తుప్పలు. నేను కాచుకుని కూర్చునే స్టాండ్ నుంచి మేత వేసే ఫీడర్ 80 గజాలు. కరెంటు లైను కోసం కొట్టిన దారిలో మాత్రం 180 గజాల దాకా చూపు ఆనుతుంది. నవంబర్‌లో వైట్‌టెయిల్ జింకలు, మిగతా ఏడాదంతా పందులు.

లీవర్ యాక్షనే (కింది లీవర్ కొడితే తర్వాతి రౌండు ఎక్కే తుపాకీ) కావాలి, దయచేసి బోల్ట్ గన్ కొనమని చెప్పకండి. మార్లిన్ 1895 ఎస్‌బీఎల్, హెన్రీ ఎక్స్ మోడల్ చూశాను, రెండూ 45-70లో (45-70, 30-30 అనేవి రౌండ్ల పేర్లు). షాపులో "పందికి 45-70 కంటే చిన్నది దండగ" అంటున్నారు. నిజమేనా? కిక్ (పేలినప్పుడు భుజానికి తగిలే దెబ్బ) తట్టుకోగలమా? ఏ లోడు (ఎంత బరువు బుల్లెట్, ఎంత మందు), ఏ స్కోపు? నేను హెచ్-1బి మీద ఉన్నాను, దాని వల్ల ఏమైనా తిరకాసు ఉంటే అదీ చెప్పండి.

తుప్పల_మాస్టర్

షాపు వాళ్ల మాట పట్టించుకోకండి. మామూలు సైజు పందికి 30-30లో 170 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) సాఫ్ట్ పాయింట్ (మెత్తటి మొన బుల్లెట్) బ్రహ్మాండంగా సరిపోతుంది. వైట్‌టెయిల్‌కైతే చెప్పనే అక్కర్లేదు, 1895 నుంచి ఆ రౌండు చేస్తున్న పనే అది.

మరి 45-70 దేనికంటే, జాడ కోసం. పంది కొవ్వూ బొచ్చూ కలిసి చిన్న రంధ్రాన్ని పూడ్చేస్తాయి. గుండెకు తగిలినా అది 60 గజాలు పరుగెత్తి తుప్పల్లో పడిందంటే చుక్క రక్తం కనపడక చీకట్లో వెతుకుతూ కూర్చోవాలి. 0.458 అంగుళాల బుల్లెట్ భుజం ఎముకను దాటుకుని అవతలకి వెళ్తుంది, ఆ రంధ్రం అంత తేలిగ్గా పూడదు. పైగా వేగం తక్కువ కాబట్టి బుల్లెట్ చుట్టూ మాంసం నెత్తురు గడ్డకట్టి పాడవడం కూడా తక్కువే. ఒక అపోహ మాత్రం వదిలేయండి: బరువైన బుల్లెట్ కొమ్మల్ని చీల్చుకుంటూ తిన్నగా పోతుందనుకోవద్దు. ఏ బుల్లెట్టయినా కొమ్మ తగిలితే పక్కకి పోతుంది. సందు దొరికేదాకా ఆగడమే.

ఇక అసలు సంగతి. 45-70 అంటే ఒక రౌండు కాదు, ఒకే పేరుతో మూడు రౌండ్లు. 1873లో అమెరికా సైన్యం ట్రాప్‌డోర్ రైఫిల్ కోసం తెచ్చిన రౌండిది. ఆ పాత తుపాకులు ఇప్పటికీ జనం చేతుల్లో ఉన్నాయి కాబట్టి పెద్ద కంపెనీలు వాటిని దృష్టిలో పెట్టుకుని మెత్తగా లోడు చేస్తాయి. రెమింగ్టన్ 405 గ్రెయిన్లది అలాంటిదే, సెకనుకు 1330 అడుగులు. రెండోది హోర్నడీ లెవరెవల్యూషన్ 325 గ్రెయిన్లది: 24 అంగుళాల బ్యారెల్‌లో 2050 అడుగులు, 19 అంగుళాలకి ఓ వంద దాకా తగ్గించుకోండి. మూడోది చిన్న కంపెనీలు ఎలుగుల కోసం చేసే హాట్ లోడ్లు, 400 గ్రెయిన్ల పైబడిన బుల్లెట్‌ని 1900 పైన తోస్తాయి. ఇవి ట్రాప్‌డోర్‌లో పెడితే తుపాకీ పగులుతుంది, కొత్త మార్లిన్ 1895లో పెడితే మీ భుజం.

కిక్ లెక్క స్కోపుతో కలిపి 8 పౌండ్ల గన్‌కి: 30-30 ఓ 11 ఫుట్‌పౌండ్లు, మెత్తటి 405 ఓ 20, హోర్నడీ 325 ఓ 33 లేదా 34. హాట్ లోడ్లు ఇంకా పైనే. బెంచి మీద పదో రౌండుకి ట్రిగ్గర్ లాగకముందే కళ్లు మూసుకునే అలవాటు పడుతుంది, అది పడితే వదిలించుకోవడం కష్టం. బెంచి మీద 10 రౌండ్లు దాటొద్దు, ప్రాక్టీసంతా నిలబడి మెత్తటి లోడుతో చేయండి.

80 గజాలకి మెత్తటి లోడే చాలు. కానీ మీకు 180 గజాల దారి ఉంది కదా, అక్కడ లెక్క మారుతుంది. 405ని 100 గజాలకి జీరో చేస్తే (ఆ దూరంలో గురీ దెబ్బా కలిసేలా సరిచేస్తే) 180 దగ్గర ఒకటిన్నర అడుగు కిందపడుతుంది, 200 దగ్గర రెండడుగులు. హోర్నడీని 100 దగ్గర 3 అంగుళాలు పైకి జీరో చేస్తే 160 దగ్గర గురి గీత మీదకొస్తుంది, 180కి రెండు, రెండున్నర అంగుళాలు మాత్రమే కిందకి. ఆ దారి మీద కాల్చాలనుంటే ఇదే తీసుకోండి. వద్దనుకుంటే 300 గ్రెయిన్లలో 1800 చుట్టూ ఉండే మధ్యరకం లోడు హాయి.

ఒక హెచ్చరిక: ట్యూబ్ మ్యాగజీన్‌లో (బ్యారెల్ కింద రౌండ్లు నింపే గొట్టంలో) రౌండ్లు ఒకదాని వెనక ఒకటి కూర్చుంటాయి. గట్టి మొన బుల్లెట్ ముందు రౌండు ప్రైమర్‌కి (మందుని అంటించే అడుగు బిళ్లకి) ఆనుకుని ఉంటే, కిక్‌కి అక్కడే పేలొచ్చు. చదును మొనవి గానీ, హోర్నడీలా మెత్తటి రబ్బరు మొనవి గానీ మాత్రమే.

గేటు_కొరికిన_బొటనవేలు

మాస్టర్ గారు లోడు చెప్పారు, నేను తుపాకీ చెప్తా.

రెండింట్లో ఏదైనా కాలుస్తుంది, తేడా రోజువారీ వాడకంలో. ఎస్‌బీఎల్‌లో ట్యూబ్‌లో 6 పడతాయి, ఎక్స్ మోడల్‌లో 4. అంతకంటే ముఖ్యం ఖాళీ చేసే పద్ధతి. హెన్రీలో ముందు లోపలి ట్యూబ్ లాగి రౌండ్లు చేతిలో ఒంపుకోవచ్చు, ఛాంబర్‌లో ఉన్న ఒక్కటీ లీవర్‌తో తీస్తే అయిపోతుంది. మార్లిన్‌లో ప్రతి రౌండునీ లీవర్ కొడుతూ ఛాంబర్ దాటించి బయటకి తీయాలి. సాయంత్రం చలికి వేళ్లు కొంకర్లు పోయి ట్రక్ దగ్గర నిలబడి ఈ పని చేయాల్సొచ్చినప్పుడు తేడా తెలుస్తుంది.

సేఫ్టీ: మార్లిన్‌లో అడ్డంగా నొక్కే బటన్ ఉంది. అది వేసి ఉన్నా సుత్తి పడుతుంది, "టిక్" అంటుంది, రౌండు పేలదు, జింక తలెత్తి చూస్తుంది. బటన్ మీద చెయ్యి పెట్టి సరిచూసుకోవడం అలవాటు చేసుకోండి. హెన్రీలో బటన్ లేదు, ట్రాన్స్‌ఫర్ బార్ (ట్రిగ్గర్ లాగితేనే సుత్తి దెబ్బని పిన్‌కి అందించే ముక్క) ఉంది.

శుభ్రం చేయడం మార్లిన్‌లో తేలిక. లీవర్ సగం తెరిచి, దాని స్క్రూ ఒక్కటి తీసి, లీవర్ లాగితే బోల్ట్ వెనక్కి జారి వస్తుంది. ఎజెక్టర్ (ఖాళీ కేసుని బయటకి విసిరేది) చిన్న ముక్క, దాని మీద ఓ కన్నేసి ఉంచండి, గడ్డిలో పడితే దొరకదు. రాడ్ వెనకనుంచి పోనివ్వచ్చు కాబట్టి బ్యారెల్ మూతి అరగదు.

ఇరుక్కునే కారణాల్లో ఎక్కువ భాగం మన చెయ్యే. లీవర్ భయపడుతూ సగం కొడితే రౌండు పైకి లేచి మధ్యలో ఆగిపోతుంది. చివరిదాకా, గట్టిగా, ఒకే ఊపులో కొట్టండి. అసలు లోపం ఒకటుంది, దాన్ని "మార్లిన్ జామ్" అంటారు: లీవర్ పంటి పదునైన అంచు క్యారియర్ (రౌండుని ఛాంబర్ వైపు పైకెత్తే ముక్క) అడుగుభాగాన్ని గీరి గీరి గాడి పెడుతుంది. టైమింగ్ తప్పి రెండో రౌండు ట్యూబ్‌లోంచి జారి క్యారియర్ కిందికొస్తుంది, ఇక లీవర్ కదలదు. పాత గన్లలో, అందులోనూ మార్లిన్ 1894 మోడల్‌లో ఎక్కువ. సెకండ్ హ్యాండ్ కొంటుంటే క్యారియర్ అడుగున టార్చి వేసి చూడండి. గీత మొదలైతే లీవర్ అంచుని సన్నటి రాయితో కొద్దిగా గుండ్రం చేయించాలి. గాడి లోతుగా ఉంటే క్యారియర్ మార్చడమే.

సీరియల్ నంబర్ ముందు ఆర్‌ఎం అని ఉంటే రూగర్ చేసింది (2020లో రెమింగ్టన్ దివాలా తీశాక మార్లిన్‌ని రూగర్ కొంది, రూగర్ చేసిన మొదటి 1895 మోడల్ గన్లు 2021 చివర్లో వచ్చాయి). ఎంఆర్ అని ఉంటే రెమింగ్టన్ కాలానిది. అందులో మంచివీ ఉన్నాయి, చెక్కకీ ఇనుముకీ మధ్య వేలుగోరు దూరే సందున్నవీ ఉన్నాయి. ముందు సైట్ నిటారుగా ఉందో లేదో వెనకనుంచి చూసి మరీ డబ్బివ్వండి.

నింపేటప్పుడు రౌండుని పూర్తిగా లోపలికి తోయకండి, పక్కనున్న నింపే గేటు బొటనవేలిని కొరుకుతుంది. అంచు గేటు దగ్గర మిగిలేలా వదిలి, తర్వాతి రౌండు ముక్కుతో దాన్ని తోయండి. చివరిది ఒక్కటే వేలితో.

ఐ94_చూశారా

హెచ్-1బి సంగతి, జాగ్రత్తగా చదవండి. ఫెడరల్ చట్టం 922(జి)(5) కింద నాన్ ఇమిగ్రెంట్ వీసా మీదున్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ రౌండ్లు గానీ ఉండటమే నేరం. 922(వై)(2) మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది ఒకటే: అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఈ గొడవ లేదు.

మనవాళ్లు జారిపడేది ఇక్కడే. 2019 సెప్టెంబర్ నుంచి టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో పందిని కాల్చడానికి హంటింగ్ లైసెన్సు అక్కర్లేదు. "పందులే కదా, ఈ ఏడు లైసెన్సు ఎందుకు" అని మానేస్తే రాష్ట్రం ఏమీ అనదు, కానీ ఫెడరల్ మినహాయింపు పోతుంది. లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబర్ 1 పొద్దున తుపాకీ మీ అల్మారాలో ఉండి కొత్త లైసెన్సు లేకపోతే అదే ఉల్లంఘన. కొత్త ఏడాదివి ఆగస్టు నడిమధ్యనే అమ్మకానికొస్తాయి, ఆ వారంలోనే తీసుకోండి.

కొనేటప్పుడు 4473 ఫారంలో మినహాయింపు ప్రశ్నకి అవునని రాసి, ఐ-94 (అమెరికాలో ప్రవేశించిన రికార్డు) నంబరు, లైసెన్సు కాపీ ఇవ్వాలి. మీ ఆవిడ హెచ్-4 అయితే ఆవిడకీ అదే నిషేధం వర్తిస్తుంది. సేఫ్ తాళం మీ ఒక్కరి దగ్గరే ఉంచండి, లేదా ఆవిడకీ లైసెన్సు తీయండి. గ్రీన్‌కార్డు ఫైలు నడుస్తుంటే లాయర్‌ని ఒక మాట అడిగి మరీ కొనండి.

ఇంకోటి. వేటకి వాడిన బ్యాగుని ఇండియా ప్రయాణానికి వాడొద్దు, వేట జాకెట్ వేసుకెళ్లొద్దు. జేబు మూలలో ఒక్క రౌండు మిగిలినా శంషాబాద్‌లో స్కానర్ పట్టేస్తుంది, 1959 ఆయుధాల చట్టం కింద కేసు. "మర్చిపోయాను సార్" అని అక్కడ వివరించుకుంటూ కూర్చోవాలి.

పైన్‌ఉడ్స్_కొత్తోడు

అన్నా, ఆ సెప్టెంబర్ 1 మాట ఎవరూ చెప్పలేదు, థాంక్స్. లైసెన్సు ఉంది, క్యాలెండర్‌లో పెట్టేశా. ఎస్‌బీఎల్ వైపే మొగ్గుతున్నా. స్కోపు, ఎక్కడ కాల్చాలి, ఈ రెండూ చెప్పండి. పేలిన రౌండ్ల ఖాళీ కేసులు దాచుకుంటే రీలోడింగ్‌కి (మళ్లీ నింపుకోవడానికి) పనికొస్తాయా?

తుప్పల_మాస్టర్

స్కోపు చిన్నదే. 1-4 లేదా 1.5-5 పవర్, కంటికీ స్కోపుకీ మధ్య కనీసం 3.5 అంగుళాలు ఎడం ఉండాలి, 4 ఉంటే ఇంకా మంచిది. లేకపోతే 33 ఫుట్‌పౌండ్ల కిక్‌కి కనుబొమ మీద అర్ధచంద్రం పడుతుంది. రింగులు బరువు తక్కువవి, ఎత్తు తక్కువవి. 45-70 కిక్‌కి బేస్ స్క్రూలు వదులవుతాయి: నూనె తుడిచి, నీలం లాక్‌టైట్ ఒక చుక్క వేసి, టార్క్ డ్రైవర్‌తో 15 నుంచి 20 ఇంచ్‌పౌండ్లు. గ్రూపు (టార్గెట్ మీద దెబ్బలు దగ్గరగా పడటం) ఉన్నట్టుండి చెదిరితే బుల్లెట్‌ని తిట్టకముందు ఈ స్క్రూలు చూడండి. చీకట్లో పందులకి రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే సైట్) బాగుంటుంది గానీ 180 గజాలకి కష్టం.

జింకకి అందరికీ తెలిసిందే, ముందుకాలు వెనక, ఒంటి ఎత్తులో మూడో వంతు పైకి. పందికి అక్కడ కాలిస్తే పొట్ట చీలుతుంది, పంది పోతుంది, దొరకదు. దాని గుండె, ఊపిరితిత్తులు జింకకంటే ముందుకీ కిందకీ ఉంటాయి. పక్కనుంచి నిలబడి ఉంటే ముందుకాలు గీత వెంబడే పైకెళ్లి, ఒంటిలో కింది మూడో వంతు దగ్గర ఆపండి. ముసలి మగపందికి భుజం మీద డాలులాంటి గట్టి పొర ఉంటుంది, 45-70 డబ్బులు గిట్టేది అక్కడే.

కోసేటప్పుడు చేతికి గ్లోవ్స్ తప్పనిసరి, అడవి పందుల నుంచి బ్రూసెల్లోసిస్ మనుషులకి సోకుతుంది. మాంసం లోపల 71 డిగ్రీల సెల్సియస్ దాటాలి. మనం మిరియాలు దట్టించి కుక్కర్‌లో పెట్టే రకం కాబట్టి ఆ భయం పెద్దగా లేదు, గ్రిల్ మీదైతే థర్మామీటర్ పెట్టండి.

గేటు_కొరికిన_బొటనవేలు

కేసులు పనికొస్తాయి, కానీ హోర్నడీ లెవరెవల్యూషన్‌వి విడిగా ఒక డబ్బాలో పెట్టండి. మామూలు 45-70 కేసు పొడవు 2.105 అంగుళాలు, వాళ్ల రబ్బరు మొన బుల్లెట్ పొడవు కాబట్టి మొత్తం రౌండు క్యారియర్‌లో పట్టడానికి కేసుని 2.040కి కురచ చేశారు. రెండూ కలిపి ఒకే డై (కేసుని నొక్కే అచ్చు) సెట్టింగ్‌లో నొక్కితే కురచవాటికి క్రింప్ (కేసు మూతి బుల్లెట్‌ని బిగించి పట్టడం) పట్టదు. పట్టని బుల్లెట్ ట్యూబ్‌లో స్ప్రింగ్ ఒత్తిడికీ కిక్‌కీ కేసు లోపలికి దిగిపోతుంది, ప్రెషర్ పెరుగుతుంది. కాలిపర్‌తో కొలిచి డబ్బా మీద పొడవు రాసి పెట్టుకోండి. లోడు పుస్తకంలో కూడా 45-70కి మూడు పట్టికలుంటాయి, ట్రాప్‌డోర్, లీవర్, రూగర్ నంబర్ వన్ (ఎక్కువ ప్రెషర్ తట్టుకునే సింగిల్ షాట్ రైఫిల్). మూడోదాని జోలికి 1895తో వెళ్లొద్దు.