మోడల్ సున్నా అంటోంది, గొట్టంలో మాత్రం 16 శాతం ఆక్సిజన్!

రాత్రిపని: మూడు రాత్రులుగా నిద్ర లేదు. మా గని టెయిలింగ్స్ (గని వ్యర్థం) కుప్పలో ఆక్సిజన్ వ్యాపనం లెక్క కడుతున్నా. ఫిక్ నియమం (వాయువు ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పాకే లెక్క) పెట్టా, పైరైట్ (ఇనుము, గంధకం ఉన్న ఖనిజం) ఆక్సిజన్‌ని తినేసేదీ కలిపా. 4 మీటర్ల కింద సున్నా వస్తోంది. గొట్టాలు దింపి చూస్తే 12 మీటర్ల దగ్గర 16 శాతం! వ్యాపన గుణకం పదింతలు చేసినా 12 దగ్గరికి వచ్చేసరికి ఖాళీయే. ఆక్సిజన్ కొలిచే మీటరు రెండుసార్లు సరిచూశాను, దాని జోలికి మాత్రం వెళ్ళకండి.

గడ్డపార: లోపల వేడి ఎంత?

పాతమాస్టారు: బాబూ, ముందు మాట సరిచేసుకో. దాన్ని విసరణ అంటారు. వ్యాపనం అంటే వ్యాపించడం, అది దేనికైనా వాడతాం.

చిన్నరాయి: మాకు పాఠంలో వ్యాపనమనే ఉంది మాస్టారూ.

పాతమాస్టారు: పాఠంలో ఉంటే ఒప్పైపోదు.

నీటిపొర: ఇంత తంటా ఎందుకు? ఆక్సిజన్ అందకుండా కుప్పని నీళ్ళ కింద ముంచెయ్యండి. గాలిలో కన్నా నీటిలో ఆక్సిజన్ సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. ముంచడం కుదరకపోతే పైన సన్నమట్టి పొర వేసి, రంధ్రాల్లో 85 శాతానికి పైగా తడి నిలపండి చాలు. ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు.

చిన్నరాయి: ఆయన అడిగింది కప్పు గురించి కాదు కదండీ.

గడ్డపార: వేడి అడిగా.

రాత్రిపని: బయట 28 డిగ్రీలు, 12 మీటర్ల దగ్గర 51. అది అవసరమనుకోలేదు. తెల్లవారుజామున కుప్ప పైన పగుళ్ళలోంచి ఆవిరి కూడా వస్తుంది. లారీలు అంచు నుంచి దొర్లించేసిన రాళ్ళు, కొన్ని నా నడుమెత్తు ఉంటాయి.

గడ్డపార: అయితే అవి టెయిలింగ్స్ కావు. మిల్లులో నూరాక మిగిలే సన్న బురద టెయిలింగ్స్. నీది వేస్ట్ రాక్, అంటే నూరకుండానే పారబోసిన రాయి. మొదటే చెప్పుంటే పోయేది.

అంచు నుంచి దొర్లిస్తే పెద్ద రాళ్ళు కుప్ప పాదం దాకా జారతాయి, అడుగంతా బోలుగా ఉంటుంది. పైరైట్ ఆక్సీకరణకి లోపల వేడెక్కిన గాలి పైకి లేస్తుంది, కింద నుంచి చల్లగాలి పొయ్యిలోకి లాగినట్టు వస్తుంది. నీ ఆక్సిజన్ పైనుంచి దిగడం లేదు, పక్క నుంచి దూరుతోంది. పైనుంచి కిందికి ఒకే గీత మీద వేసిన ఫిక్‌తో ఇది రాదు. పైగా పదింతలు చేసినప్పుడే ఖాళీ గాలిలో ఉండే గుణకాన్ని దాటేసి ఉంటావు, అక్కడే అనుమానం రావాల్సింది. లెక్కని రెండు దిక్కుల్లో కట్టు, వేడి సమీకరణం కలుపు, గాలి పారగమ్యత (కుప్పలోంచి గాలి ఎంత సులువుగా దూరుతుందో) కొలువు.

పాతమాస్టారు: వేడెక్కిన గాలి అలా లేచి కదలడాన్ని సంవహనం అంటారు. అది చెప్పరేం?

నీటిపొర: సంవహనమైనా సరే, పైన కప్పు వేస్తే ఆగదా?

గడ్డపార: పాదం తెరిచి ఉంచి నెత్తిన టోపీ పెడితే గాలి ఆగుతుందా?

నీటిపొర: పాదం కూడా కప్పమనే నేనంటున్నా.

చిన్నరాయి: ఇందాక అలా అనలేదు మీరు.

రాత్రిపని: పాదం దగ్గర గొట్టంలో 20 శాతం ఉందని ఇప్పుడే చూశా. థాంక్స్, అన్నా. పారగమ్యత కొలిచే సామాను మా దగ్గర లేదు, ఏదో ఒకటి చూస్తా.