సమస్య: నేల క్రింద నింగి నిలిచి నవ్వె

పర్లాకిమిడి (నిర్వహణ):
అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య మా ఇంట్లోనే పుట్టింది. తాతగారి కాలం నాటి ఇంటికి కింద ఒక మాళిగ ఉంది. పదకొండు మెట్లు దిగాలి. పదహారు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. ఒకప్పుడు ధాన్యం, ఇత్తడి బిందెలు, పెళ్లి గుండిగలు అక్కడే ఉండేవి. మేం అల్లరి చేస్తే "మాళిగలో పెట్టేస్తాను" అని నాయనమ్మ బెదిరించేది. ఇప్పుడు ఇంట్లో గుంటలు (పిల్లలు) అదే మాళిగను ఆటల గదిగా చేసిపెట్టమని పట్టుపట్టారు. పని మొదలైంది. ఖర్చు సంగతి అడక్కండి, సమస్య ఇస్తున్నాను:

*నేల క్రింద నింగి నిలిచి నవ్వె*

ఇది ఆటవెలది అనే తెలుగు పద్యానికి చివరి పాదం, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. కింద ఆకాశం ఎలా ఉంటుందో మీరే చెప్పాలి. ఆటల గది ప్రస్తావన ఉంటే సంతోషం, లేకపోయినా తప్పు లేదు.

రాయగడ రైల్వే:
ఒక సందేహం మాస్టారూ. "నేల క్రింద" అన్నప్పుడు 'క్రిం' ముందున్న 'ల' గురువు (బరువుగా పలికే అక్షరం) కాదా? అయితే మొదటి గణమే (అక్షరాల జట్టు) చెడిపోతుంది.

పర్లాకిమిడి (నిర్వహణ):
కాదు బాబూ. రెండూ విడివిడి తెలుగు మాటలు. పక్క మాట మొదట్లో ఉన్న జంట అక్షరం ముందు మాటను గట్టిగా ఊదదు. చదివి చూడండి, 'ల' మీద నాలుక ఆగదు. సంస్కృత సమాసమైతే మీ మాట నిజమే. గణాలు చూస్తే నేల, క్రింద, నింగి, నిలిచి, నవ్వె. అయిదూ సూర్యగణాలే, అంటే గురువు తర్వాత లఘువు (తేలిక అక్షరం), లేదా మూడు లఘువులు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు: నే, ని.

బరంపురం అత్తయ్య:
నాదే మొదటిదనుకుంటా. మా పుట్టింట్లో గోడలకు కొట్టే సున్నంలో నీలిమందు కలిపేవాళ్లు, అది గుర్తొచ్చింది.

*కప్పు మీద నీలి కలిపిన సున్నాన*
*చుక్క లద్దినారు చూడ ముద్దు*
*దీప మొకటి పెట్ట దిగివచ్చినట్లుగా*
*నేల క్రింద నింగి నిలిచి నవ్వె*

పర్లాకిమిడి (నిర్వహణ):
అత్తయ్యగారూ, హాయిగా ఉంది. "దీప మొకటి పెట్ట" దగ్గర కళ్లముందు గది వెలిగింది. చిన్న మాట: రెండో పాదంలో "చూడ ముద్దు" పాదం నింపడానికి వచ్చినట్టుంది. ముద్దుగా ఉందని మీరు చెప్పకుండానే మాకు తెలుస్తోంది కదా.

బరంపురం అత్తయ్య:
ఒప్పుకున్నాను. పప్పులో నీళ్లు ఎక్కువయ్యాయి. మారుస్తాను, కానీ ఇవాళ కాదు, ఇంట్లో చుట్టాలున్నారు.

గుణుపురం మాస్టారు:
2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి వెళ్లాక మా బంధువులింట్లో చూసిన దృశ్యం ఇది. కల్పన కాదు.

*వాన వెలిసె గాని వాకిలి తెరువంగ*
*మాళిగంత నీరె మడుగు గట్టె*
*గూటి కిటికి నుండి కురిసిన వెలుగుకు*
*నేల క్రింద నింగి నిలిచి నవ్వె*

పర్లాకిమిడి (నిర్వహణ):
మాస్టారూ, సమస్యకు ఇంతకంటే సూటి సమాధానం దొరకదు. నీళ్లలో ఆకాశం! మూడో పాదంలో 'గూ'కి 'కు'తో యతి కూడా చక్కగా కుదిరింది, క, గ ఒకే వర్గం కాబట్టి. ఇది చదివాక మాత్రం నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మా మాళిగలో కూడా ఉత్తరపు గోడ చెమ్మగానే ఉంది. మేస్త్రీ వచ్చి చెయ్యి పెట్టి చూసి "ఓదా, ఓదా" అన్నాడు. ఒడియాలో తడి అని. అది తెలియడానికి మేస్త్రీ ఎందుకు, నా చొక్కా చెప్పింది.

జయపురం ఇంజనీరు:
అన్నయ్యా, తొందరపడి సిమెంటు పూయించకండి. ఆ తప్పు నేను చేశాను. నా బాధే నా పూరణ:

*చెమ్మ గోడ మీద సిమ్మెంటు పూతేసి*
*నీలి రంగు వేస్తి నిరుడు నేను*
*పెచ్చు లూడి మబ్బు పింజలై కనిపించ*
*నేల క్రింద నింగి నిలిచి నవ్వె*

బరంపురం అత్తయ్య:
అమ్మో! ఇక్కడ నింగి నవ్వింది నిన్ను చూసి నాయనా!

గుణుపురం మాస్టారు:
నిలిచి నవ్వడమంటే ఇదీ. మిగతా మా అందరి పద్యాల్లో 'నవ్వె' అందానికి ఉంది. ఇక్కడ దానికి కారణం ఉంది. 'సిమెంటు' అని రాస్తే గణం చెడేది (లఘువు, గురువు, లఘువు, అది ఆ చోట ఉండాల్సిన ఇంద్రగణం కాదు). 'సిమ్మెంటు' అని మన వైపు పలికినట్టే రాశారు కాబట్టి త గణమై (రెండు గురువులు, ఒక లఘువు, అదొక ఇంద్రగణం) కూర్చుంది. కావాలనే చేశారా?

జయపురం ఇంజనీరు:
లేదండీ, మేం అలాగే అంటాం.

పర్లాకిమిడి (నిర్వహణ):
తమ్ముడూ, పద్యం సరే, గోడ సంగతి కాస్త వివరంగా చెప్పు.

జయపురం ఇంజనీరు:
ముందు తడి ఎక్కడి నుంచి వస్తోందో చూసుకోవాలి. మూరెడు ప్లాస్టిక్ కాగితం తీసుకుని గోడకు నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించండి. రెండు రోజులాగి చూడండి. కాగితం వెనక, గోడ వైపు తడి కనిపిస్తే నీరు మట్టిలోంచి గోడ గుండా వస్తోందని అర్థం. కాగితం పైన, గది వైపు చెమట పట్టినట్టుంటే అది గదిలో గాలి తేమ. రెండింటికీ మందు వేరు.

పాత గోడలు సున్నపు గారతో కట్టినవి. తడిని పీల్చుకుని మెల్లగా బయటికి వదిలేస్తాయి. దాని మీద సిమెంటు పూసి, ఆయిల్ పెయింటు కొడితే తడికి దారి మూసుకుపోతుంది. లోపలే ఉండి ఉప్పు పొంగించి, పెచ్చులు ఊడగొడుతుంది. నాకు జరిగింది అదే. ఇంకోటి, వానాకాలంలో గాలి ఆడాలని కిటికీలు బార్లా తెరుస్తారు. బయటి వేడి తేమ గాలి లోపలికొచ్చి చల్లటి గోడకు తగిలి నీరవుతుంది. ఆ రోజుల్లో తలుపు మూసి, తేమ లాగే మెషీన్ ఒకటి ఆడించుకోవడమే మేలు. కరెంటు లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) తప్పకుండా పెట్టించండి, పిల్లలు తడి నేల మీద చెప్పుల్లేకుండా తిరుగుతారు.

టేబుల్ టెన్నిస్ బల్ల ఆలోచన ఉంటే మానుకోండి. బల్లే 9 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. వెనక్కి జరిగి ఆడడానికి మీ పదహారు అడుగుల్లో చోటేదీ?

పర్లాకిమిడి (నిర్వహణ):
మా పెద్దవాడి మొహం చూడాలి మీరు.

కానీ ఒకటి తోచింది. పద్యంలో వ్యర్థపదం కూడా ఈ సిమెంటు పూత లాంటిదే. భావం సరిపోని చోట "చూడ ముద్దు" అని పూసేస్తాం, నాలుగు సార్లు చదివేసరికి పెచ్చులూడతాయి. (అత్తయ్యగారూ, మిమ్మల్ని కాదు. సరే, మిమ్మల్నే.)

కాశీనగరం పాప:
నమస్తే అండీ. నేను ఎనిమిదో తరగతి. బడిలో మాది ఒడియా మీడియం, తెలుగు మా తాతయ్య నేర్పుతున్నారు. తప్పులుంటే చెప్పండి.

*క్యారంబోర్డు మీద కాయను కొట్టగా*
*రాణి బొక్క లోన రాలిపోయె*
*నీలి గౌను చెల్లి నెగ్గిన వేళలో*
*నేల క్రింద నింగి నిలిచి నవ్వె*

గుణుపురం మాస్టారు:
పాపా, నీలి గౌను వేసుకున్న చెల్లే నింగి! ఇంతమంది పెద్దవాళ్లకు తట్టలేదు ఇది. మొదటి పాదంలో గణం తప్పింది. ఆటవెలదిలో మొదటి మూడూ సూర్యగణాలుండాలి, 'క్యారం' రెండు గురువులైపోయింది. "బల్ల మీద రాణి" అని మొదలుపెట్టి చూడు.

రాయగడ రైల్వే:
మాస్టారూ, ఇంగ్లీషు మాట అని క్యారంను తీసేస్తున్నారా? వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరిలో పుట్టిన సమస్య ఇది. కనీసం అందుకైనా క్యారంను ఉండనివ్వండి.

గుణుపురం మాస్టారు:
మాట మీద కోపం లేదయ్యా, అది కూర్చున్న చోటే సరిగా లేదు. సూర్యగణం పీట మీద పట్టదు, ఇంద్రగణం పీట మీద పడుతుంది. యతిస్థానంలో పెడదాం:

*కాయ కాయ తాకి క్యారమ్ము బల్లపై*
*రాణి బొక్క లోన రాలిపోయె*

'కా'కి 'క్యా'లోని కకారంతో యతి. ఇప్పుడు గిడుగు వారూ ఏమీ అనరు, ఛందస్సు సూత్రాలు రాసిన అప్పకవీ ఏమీ అనడు.

జయపురం ఇంజనీరు:
పాపా, ఇంకో ప్రశ్న. రాణి పడగానే గెలిచేసినట్టు కాదు కదా? దాని వెంటనే మరో కాయ వెయ్యాలి, లేకపోతే రాణి మళ్లీ బల్ల మీదికే వచ్చేస్తుంది.

కాశీనగరం పాప:
వేసింది అంకుల్. పద్యంలో చోటు లేదు.

పర్లాకిమిడి (నిర్వహణ):
దీనికి జవాబు లేదు తమ్ముడూ, ఊరుకో.

రాయగడ రైల్వే:
నేనూ పంపిస్తున్నాను. డ్యూటీలో రాశాను, పై అధికారులకు చెప్పకండి.

*పాము నోట బడక పైమెట్టు కెగబాకి*
*పరమపదము చేరె పాప కాయ*
*పటము పరచినట్టి పాతాళ గృహమందు*
*నేల క్రింద నింగి నిలిచి నవ్వె*

బరంపురం అత్తయ్య:
వైకుంఠపాళి! పైన ఉండాల్సిన పరమపదం కింద చాప మీద ఉంది. బాగుంది బాబూ. కానీ మూడు పాదాలూ 'ప'తోనే మొదలుపెట్టావు, చప్పట్లు కొట్టినట్టుంది. "పాతాళ గృహం" అనే పెద్దమాట బదులు మాళిగ అంటే మన ఇల్లులా ఉండేది.

రాయగడ రైల్వే:
'ప'కి యతి కుదరాలి కదండీ!

బరంపురం అత్తయ్య:
అదే అంటున్నాను. యతి కోసం మాట తెచ్చావు, మాట కోసం యతి కాదు.

బరంపురం పట్టు నేత:
ఆలస్యంగా వచ్చాను. నాకు తేటగీతి (ఇంకో తెలుగు ఛందస్సు) చేతికొచ్చినట్టు ఆటవెలది రాదు. సమస్యను కాస్త సాగదీయడానికి అనుమతిస్తే, గంజప (గుండ్రని ముక్కల పేకాట) మీద:

*గుండ్ర ముక్కల గంజప కూర్చి యాడ*
*పదియు రూపుల విష్ణువు పటము లోన*
*అడుగు పెట్టెను వామను డంతలోన*
*నేల క్రిందను నింగియే నిలిచి నవ్వె*

పర్లాకిమిడి (నిర్వహణ):
నియమం ప్రకారం పాదం మార్చకూడదు. అయినా 'క్రింద'కి 'ను', 'నింగి'కి 'యే' తగిలించగానే ఆటవెలది తేటగీతి అయిపోవడం నేనే గమనించలేదు, కాబట్టి అనుమతించాను. మూడో పాదంలో యతి చూసి కంగారు పడేవాళ్లకు: "వామనుడు, అంతలోన" అని విడదీస్తే 'అ'కి 'అ' కలుస్తుంది. 'పటములోన', 'అంతలోన' పక్కపక్క పాదాల చివర పడడం మాత్రం వినడానికి బరువుగా ఉంది.

గుణుపురం మాస్టారు:
భావం గట్టిది. ఆకాశాన్ని ఒక అడుగుతో కొలిచినవాడు వామనుడు. బలిని నేల కింది సుతలానికి పంపి, తానే అక్కడ వాకిలి కాచినవాడు కూడా ఆయనే. కాబట్టి నేల కింద నింగి నిలబడడమంటే పురాణానికి సరిపోయింది. ఇంతకీ మీ ఇంట్లో గంజప ఉందా?

బరంపురం పట్టు నేత:
మా మేనమామ దగ్గర ఒక కట్ట ఉండేది. ఎనిమిది రంగులు, రంగుకి పన్నెండు చొప్పున 96 ముక్కలు. దశావతారాల కట్టయితే 120. గుడ్డ మీద చింతగింజల జిగురు, సుద్ద పట్టించి బొమ్మలు వేస్తారు. అందుకే అన్నయ్యగారికి ఒక మాట: గంజప కొంటే మాళిగలో ఉంచకండి. తేమ తగిలితే ముక్కలు అంటుకుపోతాయి, పురుగు పడుతుంది. ఆడి పైకి తెచ్చెయ్యండి. క్యారం బల్ల కూడా అంతే, ఉబ్బిపోతుంది, పౌడరు ముద్ద కడుతుంది.

పర్లాకిమిడి (నిర్వహణ):
ప్లాస్టిక్ కాగితం పరీక్ష అయింది. తడి గోడ వైపే ఉంది. నిన్న వాన పడుతుంటే గొడుగు వేసుకుని వెళ్లి ఇంటి వెనక చూశాను. డాబా మీది నీళ్లు గొట్టంలోంచి సరిగ్గా ఉత్తరపు గోడ మొదట్లోనే పడుతున్నాయి. పైగా అక్కడ నేల గోడ వైపే వాలి ఉంది. ఎన్నేళ్లుగా పడుతున్నాయో! గొట్టాన్ని దూరంగా కాలువలోకి మళ్లించి, మట్టి పోసి వాలు తిప్పించే పని రేపు. తమ్ముడు చెప్పినట్టు సిమెంటు జోలికి పోకుండా గోడకు సున్నపు గారే వేయిస్తున్నాను. అది ఆరడానికి వారాలు పడుతుందని మేస్త్రీ అన్నాడు. గుంటలు ఒప్పుకోలేదు. నాయనమ్మ పాత బెదిరింపు వాడాను గానీ పనిచెయ్యలేదు, వాళ్లు మాళిగలోనే ఉంటామంటున్నారు.

ఈ వారం నా ఓటు ఇంజనీరు తమ్ముడి పెచ్చులకు, ఆ వెంటనే కాశీనగరం పాప నీలి గౌనుకు. అత్తయ్యగారి సవరణ ఇంకా రాలేదు.

బరంపురం అత్తయ్య:
వచ్చింది. రెండో పాదం: *చుక్క లద్దె నొక్క చుట్టము వలె*. చుట్టాలు వెళ్లిపోయారు, మాట మాత్రం మిగిలింది.

రాయగడ రైల్వే:
అత్తయ్యగారూ, గణాలు సరే! కానీ చుట్టం చుక్కలెందుకు అద్దుతాడు?

బరంపురం అత్తయ్య:
సరే, *చుక్క లద్ది తాత చూచుచుండ*. ఇక మార్చను.

పర్లాకిమిడి (నిర్వహణ):
చుక్క, లద్ది, తాత, చూచు, చుండ. గణాలు సరి, యతి సరి. తాత రావడంతో పద్యం ఇంటిదైంది.

ఇవాళ మెట్ల అడుగున నేల తుడుస్తుంటే రాతి పలక మీద గీతలు బయటపడ్డాయి. ఏవో పగుళ్లనుకున్నాను. నీళ్లు పోసి రుద్దితే పులిమేక ఆట గళ్లు. ఉలితో చెక్కినవి, ఎవరు చెక్కారో నాయనమ్మ ఉంటే అడిగేవాణ్ణి. పిల్లలు అప్పుడే చింతపిక్కలు తెచ్చుకుని కూర్చున్నారు.

వచ్చే వారం సమస్య, ఆటవెలదిలోనే:

*పులిని మేక మ్రింగె పొట్ట నిండ*