సీబీఆర్ బ్రేవ్ సీజన్ల పట్టిక 2000 నుంచి మొదలవ్వాలా, 2014 నుంచా?

ప్రశ్న: వలస పక్షి

తెలుగు వికీపీడియా కోసం ఆస్ట్రేలియన్ ఐస్ హాకీ లీగ్‌లో ఆడే కాన్‌బెర్రా జట్టు సీబీఆర్ బ్రేవ్ గురించి వ్యాసం రాస్తున్నాను. ఆటగాళ్లలో ఎక్కువమంది ఉద్యోగాలో చదువులో చూసుకుంటూ ఆడేవారే కాబట్టి దీన్ని పూర్తిస్థాయి వృత్తి లీగ్ అనలేం, అలాగని కాలక్షేపం ఆటగా తీసిపారేయనూ లేం. వ్యాసంలో సీజన్లవారీ పట్టిక దగ్గర ఆగిపోయాను. 2000లో అడిలైడ్ అవలాంచ్, సిడ్నీ బేర్స్‌తో కలిసి ఈ లీగ్‌ను ఆరంభించిన మూడు జట్లలో కాన్‌బెర్రా నైట్స్ ఒకటి. 2014 సీజన్ మొదలుకావడానికి కొద్ది వారాల ముందు ఆ జట్టును యాజమాన్యం ఉపసంహరించుకోగా, ఆటగాళ్లు, అభిమానులు పూనుకొని బ్రేవ్‌ను నిలబెట్టి, ఆ ఏడాదే ఫిలిప్ శివారులో నైట్స్ ఆడిన అదే ఐస్ రింక్‌లో బరిలోకి దిగారు. నైట్స్ ఆడిన పద్నాలుగు సీజన్లను బ్రేవ్ పట్టికలో చేర్చవచ్చా?

జవాబు 1: గణాంక ప్రియుడు

చేర్చకూడదనే నా అభిప్రాయం. సీజన్ల పట్టిక ఊరి చరిత్ర కాదు, ఒక క్లబ్ లెక్క. యాజమాన్యం, పేరు మారి కొత్త సంస్థ ఏర్పడినప్పుడు లెక్క కూడా కొత్తగా మొదలవ్వాలి. ఇదే లీగ్‌లో దీనికి మంచి ఉదాహరణ అడిలైడ్. అవలాంచ్ 2000, 2001లో విజేత. ఆ క్లబ్ 2008 సీజన్ మధ్యలోనే చేతులెత్తేయడంతో మిగిలిన మ్యాచ్‌లను హడావుడిగా కూర్చిన మరో జట్టు ఆడింది. ఆ తర్వాత అడిలైడ్ అడ్రినలిన్ పేరుతో వచ్చిన క్లబ్ 2009లో లీగ్ విజేతకిచ్చే గుడాల్ కప్ గెలిచింది. వీటన్నిటినీ ఒకే పట్టికలో కలిపితే, ఏ ఒక్క క్లబ్బూ పూర్తిగా గెలవని మూడు టైటిళ్లు ఒక ఊహాజనిత 'అడిలైడ్ జట్టు' ఖాతాలో పడతాయి.

కాన్‌బెర్రా విషయంలో కలిపితే నష్టం ఇంకో రకంగా ఉంటుంది. నైట్స్ ఎప్పుడూ విజేతగా నిలవలేదు. బ్రేవ్ మాత్రం తొలి ఏడాదే ఫైనల్స్‌కు అర్హత సాధించి, 2018లో కప్ అందుకుంది. రెండింటినీ ఒకే వరుసలో చదివిన పాఠకుడు, పద్దెనిమిదేళ్లు ఎదురుచూసిన క్లబ్ చివరికి గెలిచిందనుకుంటాడు. వినడానికి అందంగానే ఉంటుంది కానీ, అలా ఎదురుచూసింది ఊరే తప్ప క్లబ్ కాదు.

జవాబు 2: మెల్‌బోర్న్ మావయ్య

పై వాదనలో తర్కం ఉంది కానీ, నాకు పూర్తిగా మింగుడుపడడం లేదు. నైట్స్ ఆటగాళ్లే చొరవ తీసుకుని బ్రేవ్‌ను నిలబెట్టారు. రింక్ మారలేదు, ప్రేక్షకులూ మారలేదు. కాగితం మీద క్లబ్ వేరైనా, 2014 వరుస శూన్యంలోంచి పుట్టినట్టు కనిపించడం కూడా ఒక విధమైన తప్పుదోవే. పట్టికను 2014 నుంచే మొదలుపెట్టండి కానీ, దానికి ముందు ఒక పేరాలో నైట్స్ కథ చెప్పి, వారి సీజన్లకు విడిగా వ్యాసం రాసి లంకె ఇవ్వండి.

ఇంకో సూచన. వీలైతే ప్రతి సీజన్‌కూ ఆడిన రింక్ పేరు రాయండి. మా మెల్‌బోర్న్ ఐస్ 2002లో లీగ్‌లో చేరి, ఓక్లీలోని పాత రింక్‌లో ఆడినన్నాళ్లు కప్పు ముఖం చూడలేదు. 2010లో డాక్‌ల్యాండ్స్‌లో ఐస్‌హౌస్ అనే కొత్త రింక్ తెరుచుకుంది. మా జట్టు ఆ ఏడాదితో మొదలుపెట్టి 2011, 2012లలో కూడా వరుసగా గెలిచింది. కొత్త రింక్ వల్లే గెలిచిందని నేననను, ఆటగాళ్ల కష్టం చిన్నబోతుంది. అయినా ఆ రెండు సంగతులు పక్కపక్కన కనిపించకపోతే పట్టికకు అర్థం సగమే.

వలస పక్షి

ఇద్దరికీ ధన్యవాదాలు. 2014 నుంచే మొదలుపెడతాను. అయితే 'స్థానం' అనే గడిలో ఏది రాయాలి? లీగ్ పాయింట్ల పట్టికలో అగ్రస్థానం ఒకరిది, కప్ మరొకరిది అయిన ఏడాదులున్నాయి కదా.

జవాబు 3: గణాంక ప్రియుడు

రెండు గడులు పెట్టక తప్పదండి. లీగ్ దశలో అగ్రస్థానానికి హెచ్ న్యూమన్ రీడ్ ట్రోఫీ, ఫైనల్స్ విజేతకు గుడాల్ కప్ ఇస్తారు. మొదటిది నెలల తరబడి చూపిన నిలకడకు కొలమానం. రెండోది సీజన్ చివర జరిగే నాకౌట్ పోరులో తేలుతుంది. ఆస్ట్రేలియాలో 'ఛాంపియన్' అన్న మాట రెండోదానికే చెందుతుంది కాబట్టి, గెలుపు వరుసకు రంగు వేయాలనుకుంటే కప్ చూసే వేయండి.

పాయింట్ల గడి పక్కన గెలుపులను రెండుగా విడదీయండి. నిర్ణీత సమయంలో గెలిస్తే 3 పాయింట్లు, అదనపు సమయంలోనో షూటౌట్‌లోనో గెలిస్తే 2, అక్కడ ఓడినవారికి 1 వస్తాయి. అన్ని గెలుపులనూ ఒకే అంకెగా రాస్తే మొత్తం పాయింట్లకు లెక్క కుదరక, ప్రతి రెండు నెలలకూ ఎవరో ఒకరు వచ్చి 'సవరించి' పోతారు.

సీజన్ ఆస్ట్రేలియా చలికాలంలో, ఏప్రిల్ నుంచి ఆగస్టు చివరి వరకు సాగుతుంది కనుక, ఉత్తర అమెరికా జట్ల మూసలో ఉండే 2017-18 వంటి జంట సంవత్సరాలు పనికిరావు. 2020, 2021 సీజన్లు కోవిడ్ వల్ల రద్దయ్యాయి. ఆ వరుసలను తీసేయకుండా, గడులన్నీ కలిపి 'సీజన్ జరగలేదు' అని రాయండి. లేకపోతే 2019 తర్వాత నేరుగా 2022 చూసినవారు, బ్రేవ్ మళ్లీ కప్ గెలిచిన ఆ ఏడాదికి ముందు జట్టు లీగ్‌లోనే లేదేమో అనుకునే ప్రమాదం ఉంది.