మీదెరలో ‘ద’ ఎక్కడిది?

జపాన్‌లో బివా సరస్సు చుట్టూ ఉన్న షిగా ప్రాంతాన్ని పూర్వం ఓమి అనేవారు. అక్కడ ఓత్సు ఊళ్ళో ఒక పాత బౌద్ధాలయం ఉంది. మ్యాపులో ఒకచోట ‘మీదెర’, ఇంకోచోట ‘ఒన్‌జోజి’ అని కనిపిస్తే రెండు గుళ్ళనుకుని ప్లానులో రెండు పూటలు రాసుకున్నాను. సాయంత్రం టాక్సీ దిగేసరికి ఎదురుగా పొద్దున చూసిన గేటే! ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ నవ్వుతున్నారు.

తర్వాత తెలిసిందేమిటంటే, గుడికి రాసే అక్షరం ఒకటే, చదవడం రెండు రకాలు. అచ్చ జపనీస్‌లో ‘తెర’ (మన సినిమా తెర కాదు), చైనా నుంచి వచ్చిన పలుకులో ‘జి’. ‘మీ’ అంటే మూడు బావులు. ముగ్గురు చక్రవర్తులకు పుట్టగానే అక్కడి ఊటనీళ్ళతో స్నానం చేయించారని ఐతిహ్యం. తమాషా ఏమిటంటే ఒన్‌జోజిలోని ‘జో’ అంటే కోట. గుడి పేరు మధ్యలో కోట!

నా సందేహం వేరే. ‘తెర’ కాస్తా ‘దెర’ ఎందుకైంది? ఇదే ఊళ్ళోని ఇషియమదెరలోనూ అంతే.

జవాబు: ఇది మన గసడదవాదేశంలా లేదూ? తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. కూర, కాయ కలిస్తే కూరగాయ. వాళ్ళు దీన్ని ‘రెన్‌దకు’ అంటారు. క గ అవుతుంది, త ద అవుతుంది, ష జ అవుతుంది. కోటకు అచ్చ జపనీస్ మాట ‘షిరో’. కొండమీది కోట అయితే ‘యమజిరో’.

జవాబు: పోలిక బాగుంది కానీ మీరిచ్చిన ఉదాహరణలే అడ్డం తిరుగుతాయండీ. తల్లిదండ్రులు ద్వంద్వ సమాసం. జపనీస్‌లో సరిగ్గా ద్వంద్వంలోనే ఈ మార్పు రాదు. ‘యమకవ’ అంటే కొండలూ ఏళ్ళూ. ‘యమగవ’ అంటే కొండ ఏరు. ఒక్క క, గ తేడాతో సమాసమే మారిపోతుంది. ఇంత పొదుపు మన దగ్గర లేదు. ఇంకోచోట మాత్రం ఇద్దరిదీ ఒకే దారి. తెలుగు మాటల మీద వచ్చే సంస్కృత పరుషాలకు గసడదవలు రావని చిన్నయసూరి చెప్పాడు కదా, అక్కడ కూడా చైనా మాటలు సాధారణంగా ఈ మార్పుకు లొంగవు. ఇషియమదెరలో 1194 నాటి రెండంతస్తుల గోపురం ఉంది, పేరు ‘తహోతో’. చివరి ‘తో’ మన స్తూపమే, చైనా మీదుగా వెళ్ళింది. దాన్ని ఎవరూ ‘దో’ అనరు.

జవాబు: ‘తెర’ కూడా పాళీ ‘థేర’ నుంచే వచ్చిందని విన్నాను, పెద్ద భిక్షువు అనే అర్థంలో.

నేనే మళ్ళీ: ఆ వాదన ఉంది, వినడానికి మనకు హాయిగానూ ఉంటుంది. కానీ పాత కొరియన్‌లో గుడికి ‘త్యెల్’ లాంటి మాట ఉంది. బౌద్ధం జపాన్‌కు వెళ్ళింది కొరియా మీదుగానే కాబట్టి నాకు అదే దగ్గరగా అనిపిస్తుంది.

ఇక ఎక్కడ ‘దెర’, ఎక్కడ ‘జి’ అంటే, చాలావరకు ముందు మాట జాతిని బట్టి. ఇషియమ (రాతికొండ) అచ్చ జపనీస్, కాబట్టి దెర. ముందుది చైనా పలుకైతే జి. వాళ్ళకూ వైరి సమాసం (మనకు తెలుగు, సంస్కృత మాటల్ని కలపకూడని చోట కలిపేయడం) బెంగ ఉన్నట్టుంది! ఓమిలోనే అజుచి కొండ మీద సోకెన్‌జి ఉంది, అది ‘జి’ జట్టు. 1571లో హియెయి కొండమీది ఎన్‌ర్యకుజి గుడిని తగలబెట్టించిన యుద్ధ ప్రభువు ఓద నోబునాగ, 1576లో అజుచి కోట మొదలుపెట్టి దాని లోపలే ఈ గుడి కట్టించాడు. కోట బురుజు 1582లో కాలిపోయింది. ఇప్పుడు మెట్లెక్కి వెళ్తే బురుజు చోట పునాది రాళ్ళే ఉంటాయి. గుడి తాలూకు మూడంతస్తుల గోపురం మాత్రం చెట్ల మధ్య నిలబడే ఉంది.